విమానము దిగిన తరువాతి బాట

విదేశయాత్రలను గూర్చి మన భాషలో వెలువడిన రచనలు తక్కువేమియు కావు. కాని వానిలో పెక్కింటియందు యాత్రికుడు ఒక వాక్యములో విమానము దిగి, మరుసటి వాక్యములో నగరమధ్యమున నిలిచి భవనములను వర్ణించుచుండును. ఆ రెండు వాక్యముల నడుమ పది మొదలు అరువది కిలోమీటర్ల వరకు ఒక దారి యున్నది. దానిని తెలియని నాణెముతో, చదువరాని లిపిలోని బోర్డుల నడుమ, నిద్రలేని కన్నులతో దాటవలసియున్నది. పరదేశమున మనిషి మోసపోవుటకు గాని, నిలదొక్కుకొనుటకు గాని తొలి అవకాశము కలుగునది అక్కడనే. ఈ సంగతి అనుభవమున ఎరిగినవారు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, వేములవాడ, సిరిసిల్ల ప్రాంతములలోను, గోదావరికి ఆవలనున్న నిర్మల్, ఖానాపూర్, ముథోల్ ప్రాంతములలోను ఊరూరను కలరు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో చీలి పలు జిల్లాలైనవి గాని, ఆ పల్లెలనుండి గల్ఫు దేశములకు సాగు బాట మాత్రము చీలలేదు. కావున విమానాశ్రయమునుండి నగరమునకు టాక్సీలో పోవుట యను విషయమును విహారయాత్రికుని సౌకర్యముగా మాత్రమే గాక, ఈ నేల వలసజీవుల దృష్టితో సమీక్షించుట యుక్తమని తలచుచున్నాను.

మొదట టాక్సీయొక్క న్యాయమును విచారింపవలెను. బాడుగను దూరమునుబట్టి లెక్కించు మీటరును జర్మనీ దేశస్థుడైన ఫ్రీడ్రిక్ విల్హెల్మ్ గుస్టావ్ బ్రూన్ 1891లో రూపొందించెను. ఆ యంత్రము చేసిన గొప్ప ఉపకారమేమనగా, అంతవరకు బండివాడు ఎక్కువాని దుస్తులను, మాటతీరును, తొందరను చూచి ధర చెప్పుచుండగా, అది ఎక్కిన మనిషిని చూడక నడిచిన చక్రమును మాత్రమే చూచెను. ధనికుడైనను, కూలివాడైనను, ఆ ఊరివాడైనను, పరదేశియైనను ఒక్కటే ధర. ఐనను విమానాశ్రయపు గుమ్మమునొద్ద ఈ న్యాయమునకు చిక్కులు వచ్చిపడినవి. అక్కడి డ్రైవరు ఒక ప్రయాణికుని కొరకు గంటలతరబడి వరుసలో నిలువవలసియుండును. ఊరిలో దించిన పిదప పెక్కుసార్లు ఖాళీ బండితో మరలవలసియుండును. విమానాశ్రయమువారికి కొంత రుసుము చెల్లింపవలసియుండును. ఈ మూడు ఖర్చులను ఎవరు భరింపవలెనను ప్రశ్నకు ఒక్కొక్క నగరము ఒక్కొక్క విధముగా సమాధానము చెప్పినది.

దుబాయిలో ఊరిలో ఎక్కిన టాక్సీ మీటరు సుమారు 5 దిర్హములతో మొదలగుచుండగా, విమానాశ్రయమున ఎక్కినది 25 దిర్హములతో మొదలగును. బ్యాంకాకులో మీటరుపై అదనముగా 50 బాట్లు తీసికొందురు. పారిసు నగరమువారు 2016 మార్చిలో మీటరును పక్కకు పెట్టి, పెద్ద విమానాశ్రయమునుండి సీను నది ఉత్తరపు ఒడ్డునకు 50 యూరోలు, దక్షిణపు ఒడ్డునకు 55 యూరోలు అని ఒకే ధర నిర్ణయించిరి. ఆ ధరలు పిమ్మట కొంత పెరిగినవి. న్యూయార్కులో కెనడీ విమానాశ్రయమునుండి మాన్‌హట్టనుకు 2022 చివరనుండి 70 డాలర్ల స్థిరధర నడుచుచున్నది. వంతెనల సుంకము, రద్దీవేళ అదనము వేరు. మస్కట్‌లో నారింజ, తెలుపు రంగుల టాక్సీలను ఒమాను పౌరులే నడుపవలెనను నియమము చిరకాలముగ ఉన్నది. ఆ టాక్సీలకు ఏండ్లతరబడి మీటరు లేకపోవుటచేత బేరమాడుటయే పద్ధతిగా నుండెను. బేరమనునది ఊరి ధరలు తెలిసినవానికి ఆయుధము, తెలియనివానికి శిక్ష. అప్పుడే దిగిన మనిషికి బేరమాడుటకు కావలసిన మొదటి సాధనమే, అనగా న్యాయమైన ధర ఎంతయను తెలివియే, లేదు.

ఈ పద్ధతులన్నింటిలో క్రొత్తవానికి మేలైనది స్థిరధరయేయని నా నిశ్చితాభిప్రాయము. మీటరు సత్యమునే చెప్పును గాని, డ్రైవరు చుట్టుదారిన పోయినచో ఆ చుట్టును గూడ సత్యముగనే లెక్కించును. గోడపై వ్రాసిన స్థిరధరయైనచో దారి ఎంత వంకర తిరిగినను నష్టము డ్రైవరుదే. ఇటీవల ఫోనులోని యాప్‌ల ద్వారా బండిని పిలుచు పద్ధతి వచ్చి, ధర ముందే తెలియుచున్నదను మాట నిజమే. దుబాయిలో 2012లో పుట్టిన కరీమ్ సంస్థను ఊబర్ సంస్థ 310 కోట్ల డాలర్లకు కొనుటయే ఆ వ్యాపారపు విస్తృతికి సాక్ష్యము. కాని ఆ యాప్ పనిచేయుటకు ఆ దేశపు సిమ్ము గాని, విమానాశ్రయపు వైఫై గాని, చెల్లుబాటగు కార్డు గాని ఉండవలెను. బండి ఏ ద్వారమునొద్ద, ఏ అంతస్తున నిలుచునో చదువుకొనగలుగవలెను. ఇవి యన్నియు గలవాడు మోసపోవుట ఎటులైనను అరుదే. లేనివానికే గదా రక్షణ కావలసినది.

మన ఉత్తర జిల్లాలవారికి పరదేశపు టాక్సీ అనుభవము గల్ఫులో గాక బొంబాయిలో మొదలైనదన్న మాట నేటి యువకులకు వింతగా తోచవచ్చును. 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫు దేశములలో నిర్మాణములు ముమ్మరమైన దినములలో, హైదరాబాదునుండి నేరుగా పోవు విమానములు కొద్ది. ఏజెంట్లు, వైద్యపరీక్షలు, వీసాలు అన్నియు బొంబాయిలోనే. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి బస్సెక్కి, నేతపనికై భీవండికి వెళ్లిన సిరిసిల్లవారి అడుగుజాడలలో బొంబాయి చేరి, వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గదులలో కాచుకొనుచుండెడివారు. ఆ నగరమున తెలుగు కూలీలది పాత నివాసమే. కామాఠిపురా పేటకు ఆ పేరు వచ్చినది నిజాము రాజ్యమునుండి కట్టడపు పనులకు వెళ్లిన కామాఠీల వలననే. ఆ నగరపు సహార్ విమానాశ్రయమున కొత్త టెర్మినల్ 1981లో తెరవబడెను. ఆటోలకు బాంద్రా, సయాన్ దాటి దక్షిణమునకు ప్రవేశము లేదు గనుక, సామానుతో ఊరిలోనికి పోవలెనన్నచో నలుపు పసుపు రంగుల ప్రీమియర్ పద్మినీ టాక్సీ తప్పనిసరి. ఆ టాక్సీ మీటరు చూపు అంకె అసలు ధర కాదు. డ్రైవరు జేబులోనుండి తీసిన పట్టికలో ఆ అంకెకెదురుగా నున్న మొత్తమును చెల్లింపవలెను. చదువురాని ప్రయాణికునికి మీటరొక అంకె చూపుచుండగా డ్రైవరు మరియొక అంకె చెప్పుట ఎంతటి అనుమానమును, ఎంతటి కలహమును పుట్టించి యుండునో ఊహించుకొనవచ్చును. ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చువరకు ఆ పట్టిక పోలేదు. ఆ పద్మినీలును 2023 అక్టోబరులో బొంబాయి వీధులనుండి సెలవు తీసికొన్నవి.

గల్ఫులోనికి వచ్చినచో దృశ్యమే మారును. దుబాయిలో టాక్సీ వ్యవస్థను 2005లో ఏర్పడిన రోడ్డు రవాణా సంస్థ నియంత్రించుచున్నది. బయట వరుస కట్టిన బండ్లు, వరుసను నడుపు ఉద్యోగి, స్త్రీలకు గులాబీరంగు పైకప్పుగల బండ్లు, లోపల మీటరు, డ్రైవరు గుర్తింపు సంఖ్య, ఇవి యన్నియు ప్రపంచములోని పెక్కు నగరములకు మార్గదర్శకములే. అక్కడ మన ఉత్తర తెలంగాణవారికి కోస్తా సోదరులకు లేని ఒక సౌలభ్యము గలదు. తరతరములుగా ఊరి అంగడిలో, కచేరీలో వినుచు వచ్చిన దక్కనీ ఉర్దూ వారి నాలుకపై నున్నది గనుక, పెషావరునుండి వచ్చిన పఠాను డ్రైవరుతో గాని, హిందీ నేర్చిన మలయాళీ డ్రైవరుతో గాని ‘భాయ్’ అని పిలిచి మాట కలుపుటకు వారికి సంకోచము లేదు. వ్యవసాయకూలియై, బడికి పోనివాడై విమానమెక్కిన మనిషి సైతము ఆ నగరమున నోరులేనివాడు కాకపోవుట మన నేల చరిత్ర ఇచ్చిన బలము. సౌదీలోని అరబ్బు డ్రైవరునొద్ద ఈ బలము చాలదు.

ఐనను 25 దిర్హములన్నది ఎవరికెంత? నెలకు 1,000 దిర్హముల జీతము వచ్చువానికి దినమునకు పడునది సుమారు 33. బండి కదలకముందే దినవేతనములో నాలుగింట మూడు పాళ్లు పోవును. పైగా దారిలో సాలిక్ సుంకపు ద్వారములున్నచో ఆ సుంకమును, షార్జాకు పోయినచో మరి 20 దిర్హములును కూడును. 2009 సెప్టెంబరు 9న మొదలైన దుబాయి మెట్రో ఒకటవ, మూడవ టెర్మినళ్లను కలుపుచు కొద్ది దిర్హములకే ఊరు చేర్చును. కాని చౌక టికెట్ల విమానములు పెక్కు దిగునది రెండవ టెర్మినల్‌లో; అక్కడ మెట్రో స్టేషను లేదు. మెట్రో రాత్రియంతయు నడువదు. ఒక పెద్ద పెట్టె, ఒక చిన్న సంచి మించి సామాను తేరాదు. అర్ధరాత్రి దాటి దిగి, తల్లి కట్టియిచ్చిన సకినాలు, తొక్కుల డబ్బాలతో నిండిన అట్టపెట్టెలను మోయువానికి ఈ సదుపాయము అద్దములోని అంగడి వంటిది.

కడమ నగరములను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. దోహాలో 2014లో హమద్ విమానాశ్రయము తెరచినది మొదలు నీలిపచ్చ రంగు కర్వా టాక్సీలు, 2019నుండి మెట్రో కలవు; కాని మనవారు చేరవలసిన ఇండస్ట్రియల్ ఏరియా నగరశోభకు దూరముగానున్నది. బహ్రెయిన్‌లో విమానాశ్రయము ముహర్రక్ ద్వీపమున, మనామాకు సమీపమునే యున్నది. రియాదు విమానాశ్రయము 1983లో నగరమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున నిర్మింపబడెను. దానిని నగరముతో కలుపు మెట్రో 2024 డిసెంబరులో గాని నడువలేదు. 1999లో తెరచిన దమ్మాము విమానాశ్రయము 776 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో ప్రపంచమున అతి విశాలమైనదని పేరొందినది. అంత ఎడారి మధ్యమున దిగినవానికి బండి లేక గత్యంతరము లేదు. సౌదీ విమానాశ్రయములలో లైసెన్సులేని సొంతకార్లవారు లోపలికే వచ్చి ప్రయాణికులను పిలుచుకొనిపోవు అలవాటు చిరకాలము సాగెను. ఇటీవల అక్కడి ప్రభుత్వము జరిమానాలు విధించి దానిని అరికట్టుటకు పూనుకొన్నది.

ఇంతవరకు చెప్పినది టాక్సీ నెక్కుటను గూర్చి. కాని మొదటిసారి గల్ఫులో దిగిన మనవారిలో అత్యధికులు టాక్సీ ఎక్కనే ఎక్కరు. ఈ సమీక్షకు కీలకమైన విషయ మిదియే. వారికొరకు కంపెనీ బండి వచ్చును. పేర్లు వ్రాసిన అట్ట పట్టుకొని నిలిచిన మనిషి వారిని లెక్కించి, పెక్కుచోట్ల అప్పుడే పాసుపోర్టులు తీసికొని, బండి నెక్కించి దుబాయిలోనైనచో సోనాపూర్ కూలీల క్యాంపుకో, అల్‌కూజ్ క్యాంపుకో చేర్చును. బాడుగ లేదు, బేరము లేదు, మోసము లేదు. దారి సుఖముగా గడచును. కాని టాక్సీ ఎక్కినవాడు తానెక్కడికి పోవలెనో తానే చెప్పును. కంపెనీ బండి ఎక్కినవానికి ఎక్కడికి పోవుచున్నాడో దిగినపిదప గాని తెలియదు. తన గమ్యమును తన నోటితో చెప్పగల స్వేచ్ఛ, పాసుపోర్టు తన జేబునందే యుండుట, ఈ రెండింటి విలువ 25 దిర్హములకంటె ఎంతో హెచ్చు. కూలి యజమాని పూచీపైననే ఆ దేశమున నిలువవలసిన కఫీలు పద్ధతిలోని బంధనము కాగితములపై ఏనాడో మొదలైనను, మనిషికి శరీరముతో తెలియునది ఆ బండి తలుపు మూసికొన్నప్పుడే.

ఎవరును రానిచో? ఆ ప్రశ్నకు భారతీయ సాహిత్యమున అతి భయంకరమైన సమాధానము చెప్పినవాడు మలయాళ రచయిత బెన్యామిన్. 2008లో వెలువడిన ఆయన నవల ‘ఆడుజీవితం’లో నజీబు, హకీము అను ఇద్దరు యువకులు రియాదు విమానాశ్రయమున దిగి, తమ్ము తీసికొనిపోవువాని కొరకు కాచియుండగా, పాత వాహనముతో వచ్చిన ఒక అరబ్బు వారిని ఎక్కించుకొని ఎడారిలోని గొఱ్ఱెల దొడ్లకు చేర్చును. ఆ నవల 2024లో చలనచిత్రముగా వచ్చినప్పుడు కేరళవారెంతగా కన్నీరు పెట్టిరో, మన జిల్లాలలోని ప్రేక్షకులు నంతగా కలతచెందిరనిన వింత లేదు. గృహపు పనియనియో, తోటపనియనియో వీసా పొంది దిగి, ఎడారిలో ఒంటెలను, గొఱ్ఱెలను కాచుటకు పంపబడినవారి మొరలు మన పత్రికల జిల్లా పుటలలో ఏండ్లతరబడి వచ్చుచునే యున్నవి. ఆ వ్యథలలో ప్రతిదానికిని మొదటి ఘట్టము విమానాశ్రయపు బయటి ద్వారమే. అక్కడ ఆ మనిషి చేతిలో యజమాని పేరు, చిరునామా, ఫోను సంఖ్య వ్రాసిన ఒక్క చీటీ యుండి, వచ్చినవానిని ప్రశ్నించు ధైర్యమును ఉన్నయెడల, కొన్ని జీవితములైనను వేరుగా నడచియుండెడివి.

వీసా గడువు తీరియో, యజమానిని విడిచియో ‘ఖల్లివెల్లి’ యైనవాని సంగతి మరియొకటి. అతడు సక్రమమైన టాక్సీని గాక, తెలిసినవాని కారులో నలుగురు పంచుకొను ‘కార్‌లిఫ్ట్’ను ఆశ్రయించును. 2018లోను, 2024లోను ఎమిరేట్సు ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, అట్టివారు ఏండ్ల తరువాత వెలుగులో విమానాశ్రయమునకు పోగలిగిరి.

విమానాశ్రయమునకును నగరమునకును నడుమనున్న దారి ఎంత పొడవైపోగలదో 1990లో కువైటులోనున్న మనవారికి తెలిసెను. ఆగస్టులో ఇరాకు సేనలు కువైటును ఆక్రమించిన పిదప అక్కడి విమానాశ్రయము మూతపడుటచే, లక్షకు పైబడిన భారతీయులు బస్సులలోను, దొరికిన బండ్లలోను బస్రా, బాగ్దాదుల మీదుగా ఎడారి దాటి జోర్డాను రాజధాని అమ్మాను చేరవలసివచ్చెను. విమానాశ్రయమునకు పోవు బాట వేయి కిలోమీటర్లు దాటినది. అమ్మానునుండి ఎయిరిండియా రెండు మాసములపాటు నడిపిన విమానములు నేటికిని పౌరులను తరలించుటలో మహత్కార్యముగ చెప్పబడుచున్నవి. ఆ విమానములను చేరుటకు ముందు సాగిన రోడ్డు ప్రయాణమును గూర్చి మాత్రము మనము తగినంత వ్రాసికొనలేదు.

ఇటీవల అమెరికాకు పోవు విద్యార్థులు మన ఉత్తర జిల్లాలనుండియు పెరిగినారు. వారి మార్గము వేరు. విశ్వవిద్యాలయములందలి భారతీయ విద్యార్థి సంఘములవారు ముందుగా పేరు నమోదు చేసికొన్నవారిని తమ కార్లలో తీసికొనిపోవుదురు. ‘అన్నా, పికప్ దొరుకునా’ యని వారములముందే అడిగి నిశ్చయించుకొందురు. ఒక సంవత్సరము ముందు వెళ్లినవాడు వెనుక వచ్చువానిని తెచ్చుకొను ఈ ఆచారము మిక్కిలి ప్రశంసనీయము. కూలికి పోవువారికిని ఇట్టి ఆసరా లేకపోలేదు. ఊరి బావయో, కాకయో క్యాంపునుండి వారపు సెలవునాడు వచ్చి పలుకరించును. కాని అది దిగిన రాత్రికి అందునది కాదు.

ఇక మనకు అతి సమీపమైనదియు, అతి దీర్ఘమైనదియునగు దారి మన ఇంటిదే. దుబాయి విమానాశ్రయమునుండి క్యాంపునకు పన్నెండు కిలోమీటర్లైనచో, హైదరాబాదు విమానాశ్రయమున్న శంషాబాదునుండి జగిత్యాలకు రెండువందల కిలోమీటర్లకు పైగాను, ఆదిలాబాదునకు మూడువందలకు పైగాను ఉన్నది. 2008 మార్చి వరకు విమానములు దిగుచుండిన బేగంపేట నగరపు ఉత్తరభాగమున నుండెను. కరీంనగరు బస్సులు నిలుచు సికింద్రాబాదు జూబ్లీ బస్‌స్టేషను అక్కడికి కూతవేటు దూరము. శంషాబాదు నగరమునకు దక్షిణమున నున్నది. దక్షిణ జిల్లాలవారికి దగ్గరైనది మనకు దూరమైనది. నగరమునంతటిని దాటిన పిదప గాని మన బాట మొదలుకాదు. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి పూర్తియైనపిదప శామీర్‌పేటవద్ద రాజీవ్ రహదారిని, మేడ్చల్‌వద్ద నిర్మల్, ఆదిలాబాదుల జాతీయరహదారిని పట్టుకొనుటకు వీలై, కార్లు గలవారి కష్టము సగము తీరెను. కార్లు లేనివారు ఊరినుండి తవేరానో, ఇన్నోవానో, బొలేరోనో కిరాయికి తెచ్చుకొందురు. భార్య, బిడ్డలు, తల్లి, తమ్ముడు అందరును అర్ధరాత్రివేళ ద్వారమువద్ద కాచియుందురు. ఆ కిరాయి గల్ఫులో చెల్లించు టాక్సీ బాడుగకు ఎన్నో రెట్లు; మొదటిసారి పోవునప్పుడు ఏజెంటునకిచ్చిన అప్పుతోపాటు ఇదియు వడ్డీ లెక్కలో చేరును. పరదేశమున మరణించినవారి శవపేటికలను స్వగ్రామములకు చేర్చుటకు రాష్ట్ర ప్రభుత్వము ఉచితముగా అంబులెన్సు ఇచ్చుచున్నది. అది చేయదగిన పనియే. బ్రతికి వచ్చినవానికిని, పోవువానికిని అంతటి శ్రద్ధ చూపుట అంతకంటె చేయదగిన పని.

పోవువానికి చేయవలసినది ముందుగా చెప్పెదను. విదేశాంగశాఖ వలసకూలీలకు ప్రయాణపూర్వ శిక్షణ యొక దినము ఇప్పించుచున్నది. అందు చట్టములు, ఒప్పందములు బోధించుటతోపాటు, దిగిన తరువాతి మొదటి రెండు గంటలను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. ప్రతివానికిని ఒక చీటీ ఇయ్యవలెను: ఒకవైపు అరబ్బీలో యజమాని పేరు, క్యాంపు చిరునామా, ఫోను, మరియొకవైపు తెలుగులో అవే వివరములు, ఆ విమానాశ్రయమునుండి క్యాంపునకు న్యాయమైన టాక్సీ ధర, భారత రాయబార కార్యాలయపు సంఖ్య. ఎమిరేట్సుకు పోవువానికి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రపు ఉచిత సంఖ్య 800 46342 కూడ అందుండవలెను. జేబులో ఒక టాక్సీ బాడుగకు చాలు దిర్హములో, రియాళ్లో ఉంచుకొని విమానమెక్కవలెననియు, పాసుపోర్టు ఛాయాచిత్రమును ఇంటివారి ఫోనుకు పంపవలెననియు, వచ్చిన మనిషి చెప్పు కంపెనీ పేరు చీటీలోని పేరుతో సరిపోలనిచో బండి ఎక్కక విమానాశ్రయపు పోలీసులకడకు పోవలెననియు గట్టిగా చెప్పవలెను. ఏజెంటు ‘మావాడు వచ్చును’ అనిన మాటకు బదులు, వచ్చువాని పేరు, ఫోను సంఖ్య, బండి సంఖ్య వ్రాతమూలకముగా అడుగుట ఇంటివారి హక్కని వారికి తెలియజెప్పవలెను.

తిరిగి వచ్చువానికొరకు చేయవలసినది మన రాష్ట్రపు రోడ్డు రవాణాసంస్థ చేతిలో నున్నది. గల్ఫు విమానములు దిగు వేళలు ఏ నెలకానెల ముందుగనే తెలియుచున్నవి. వానిలో అధికభాగము అర్ధరాత్రినుండి తెల్లవారు లోపలనే. ఆ వేళలకు సరిపడునట్లు శంషాబాదు ద్వారమునుండియే బయలుదేరి, నగరములోనికి పోక వలయరహదారిమీదుగా ఒక బస్సు కరీంనగరు, జగిత్యాల, కోరుట్లలకును, మరియొకటి నిర్మల్, ఆదిలాబాదులకును నడిచినయెడల, పెట్టెలు పెట్టుకొనుటకు తగిన చోటు, విమానము ఆలస్యమైనచో అదే టికెట్టుతో తరువాతి బస్సెక్కు వీలు ఉన్నయెడల, కిరాయి బండికై చేయు ఖర్చులో అధికభాగము ఆ కుటుంబమునకే మిగులును. జగిత్యాల, నిర్మల్ డిపోల అధికారులు ఒక నెలరోజుల విమానముల పట్టికను ఎదుట పెట్టుకొని, ఏ రాత్రి ఎందరు మనవారు దిగుచున్నారో విమానసంస్థలను అడిగి తెలిసికొని, మొదట వారమునకు రెండు రాత్రులైనను నడిపి చూడవచ్చును.